నేల కింద రాగులు

మా ఊళ్లో రాగులు నేల కింద ఉండేవి. ఇంటి ముందు వేపచెట్టు, దానికి ఎగువన ఒక్క మనిషి దిగేంత మూతి ఉన్న గుంత, మూతి మీద బండ, బండ మీద మట్టి. పైన పిల్లలు ఆడుకునేవారు, ఎద్దుల బండ్లు నిలిచేవి. కింద రెండు మూడేళ్ల పంట చీకట్లో చెడకుండా ఉండేది. మా తెలుగులో దాన్ని పాతర అంటాం, కన్నడంలో మాట్లాడేటప్పుడు హగేవు అంటాం. గౌరిబిదనూరు, బాగేపల్లి, చింతామణి పల్లెల్లో ఈ రెండు మాటలూ ఒకే నోట వినబడతాయి.

నా బతుకుతెరువు బెంగళూరులో సెల్లార్లకు తడి రాకుండా చూడటం. గోడ చెమ్మగిల్లిందని ఒకరు, కాగితాల కట్టలకు బూజు పట్టిందని ఒకరు, లిఫ్టు గుంతలో నీళ్లు ఊరుతున్నాయని ఒకరు పిలుస్తారు. నేను వెళ్లి సంప్ తవ్విస్తాను, ఫ్లోట్ స్విచ్‌తో దానంతట అదే నడిచే పంపు పెడతాను, అవసరమైతే డీహ్యుమిడిఫయర్ కొనిపిస్తాను. ఈ పని చేస్తూ చేస్తూ ఉండగానే మా పాతర ఎంత గొప్ప కట్టడమో నాకు తెలిసివచ్చింది. దాని గురించి రాయవలసినంత ఎవరూ రాయలేదని నా బాధ. గుళ్లకూ కోటలకూ చరిత్ర ఉంది. గుడిబండ కొండ మీది దొనెల గురించి రాస్తారు, నంది కొండ కింద భోగనందీశ్వరుడి కోనేరు గురించి రాస్తారు. కరువు సీమలో మూడేళ్ల తిండిని దాచిన గుంతకు మాత్రం ఒక పలక కూడా లేదు.

నేల కింది గదికి తడి రెండు దారుల్లో వస్తుంది. ఒకటి నీరుగా వస్తుంది: వాన నీళ్లు, ఊట నీళ్లు, పక్కింటి మురుగు. దానికి మందు వాలు, కాలువ, పంపు. రెండోది ఆవిరిగా వస్తుంది. కంటికి కనబడదు. బయటి వేడిగాలి లోపలికి దిగి, చల్లని గోడకు తగిలి, అక్కడ నీటి బొట్టయి కూర్చుంటుంది. డీహ్యుమిడిఫయర్ చేసే పని ఆ బొట్టును గోడ మీద పడనివ్వకుండా తనలోని చల్లని తీగచుట్ట మీదికి రప్పించడం. ఫ్యాను గాలిని లాగుతుంది, గాలిలోని ఆవిరి తీగచుట్ట మీద నీరవుతుంది, ఆ నీరు తొట్టిలోకీ అక్కడినుంచి గొట్టంలోకీ పోతుంది. తొట్టి నిండితే మిషను ఆగిపోతుంది, అందుకే గొట్టం వాలు సరిగా ఉండాలి, లేదంటే చిన్న పంపు పెట్టాలి. గాలిలో తడి 60 శాతం దాటకుండా ఉంటే బూజు దాదాపు పుట్టదు. ఇంతే శాస్త్రం. పాతర తవ్వినవాళ్లు కరెంటు లేకుండా ఈ రెండు తడులనూ ఆపారు.

మొదటి తడిని ఆపింది చోటు ఎంపికే. పాతరను ఊరి మెరక మీద తవ్వేవారు. చెరువు వెనక పల్లంలో ఎవరూ తవ్వరు, నల్లమట్టి పాయ ఉన్నచోట తవ్వరు. మా నేల పైన ఎర్రమన్ను, కింద గరుసు, ఆ కింద మెత్తబడిన రాయి, దానికింద గట్టి రాయి. ఆ రాయి వయసు 250 కోట్ల ఏళ్ల పైమాటే. 1965లో అణుశక్తి సంస్థ వాళ్లు భూగర్భ అణు పరీక్షల కదలికలు పట్టడానికి గౌరిబిదనూరు చుట్టూ ఎల్ ఆకారంలో భూకంప మాపకాలను పాతిపెట్టారంటే ఈ రాతి గట్టిదనం, ఈ చోటి నిశ్శబ్దమే కారణం. పాతరకు కావలసింది ఆ గట్టి రాయి కాదు, దానిమీది గరుసు. గరుసు గోడ కూలదు, దానిమీద పడ్డ నీరు నిలవదు, కిందికి జారిపోతుంది. బళ్లారి, కర్నూలు వైపు నల్లరేగడిలో జొన్నపాతరలు వేసినవాళ్లకు మాకంటే కష్టం ఎక్కువ. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది.

తవ్వే పని ఒడ్డెవాళ్లది. చెరువు కట్టలూ బావులూ కూడా వాళ్ల చేతివే. మూతి సన్నగా, మెడ ఒక మూరో రెండు మూరలో, ఆ కింద నాలుగు వైపులా విశాలంగా, అడుగు గుండ్రంగా తవ్వేవారు. మూతి ఎంత చిన్నదైతే గాలి మారే దారి అంత చిన్నది. తవ్వడం అయ్యాక లోపల పిడకలూ కంపా వేసి మంట పెట్టేవారు. గోడలోని పచ్చిదనం పోయేది, పైపొర గట్టిపడేది, పురుగూ పుట్రా చచ్చేవి. తర్వాత అడుగున మందంగా గడ్డి పరిచి, గోడల వెంట గడ్డి వెంటి చుట్టుకుంటూ పైకి వచ్చేవారు. నేను బెంగళూరులో చదరపు అడుగుకు ఇంత అని ధర కట్టి గోడకు వేయించే పొరల పని ఇక్కడ గడ్డి చేసేది. రాగికీ మట్టికీ మధ్య అది ఉంటే గోడ నుంచి వచ్చే ఆవిరిని ముందు గడ్డే పీల్చుకుంటుంది. గోడను ఆనుకున్న గింజ కొంచెం రంగు మారినా నడుమ ఉన్న రాశికి తడి చేరదు.

అసలు కీలకం మాత్రం గుంతలో లేదు, కళ్లంలో ఉంది. రాగిని కార్తీకం, మార్గశిరంలో కోసి, పనలు కట్టి, వామి వేసి, సంక్రాంతి దాటాక పేడ అలికిన కళ్లంలో రాతి గుండు తిప్పి నూర్చేవారు. తూర్పారబట్టి, ఎండలో ఆరబోసి, మాఘ ఫాల్గుణాల్లో పాతరకు దించేవారు. క్యాలెండరు తీసి చూస్తే అది ఫిబ్రవరి, మార్చి. మా ప్రాంతంలో ఏడాది మొత్తంలో గాలి అన్నిటికంటే పొడిగా ఉండే నెలలవి. మధ్యాహ్నం వేళ గాలిలో తడి 30 శాతానికి అటూ ఇటూగా పడిపోతుంది. ఆ గాలినే గుంతలో బంధించి మూత వేసేవారన్నమాట. ఆరుద్ర కార్తెలో మూసిన పాతర ఆరు నెలలు కూడా నిలిచేది కాదు.

మా అవ్వ కళ్లంలో రాశి మధ్యలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేది. చెయ్యికి వెచ్చగా తగిలితే, "ఇంకా ఊపిరి తీస్తా ఉందిరా, రెండెండలు పడనీ" అనేది. ఇప్పుడు చదివితే ఆమె మాట అక్షరాలా నిజం. గింజ బతికే ఉంటుంది, శ్వాసిస్తుంది. అందులో తేమ 12 శాతం దగ్గర ఉంటే ఆ శ్వాస అతి నెమ్మది. ఎక్కువైతే వేడి పుడుతుంది, వేడికి మళ్లీ తడి పుడుతుంది, బూజు లేస్తుంది.

మూతి మూశాక లోపల జరిగేది ఇంకా వింత. గింజలూ, వాటితోపాటు పోయిన కొద్దిపాటి పురుగులూ ఉన్న ప్రాణవాయువును కొంచెం కొంచెంగా వాడేసి బొగ్గుపులుసు వాయువును వదులుతాయి. కొత్త గాలి రాదు. పురుగు చస్తుంది, గింజ నిద్రపోతుంది. కొన్ని అడుగుల లోతున వేసవికీ చలికాలానికీ వేడిలో పెద్ద తేడా ఉండదు కాబట్టి రాశిలో ఒకవైపు చల్లబడి అక్కడ చెమ్మ పట్టే బాధా లేదు. ఇంటి పైకప్పు కింది గుమ్మిలోనూ ఇనుప డబ్బాలోనూ పగలు వేడి, రాత్రి చలి. పై పొరలో చెమ్మ చేరేది అందుకే.

రాగి కూడా ఇందుకు తగిన గింజ. వడ్లలో, జొన్నల్లో ముక్కుపురుగు గింజను తొలిచి గుడ్డు పెడుతుంది, ఆ పిల్ల ఆ ఒక్క గింజలోనే పెరగాలి. రాగి గింజ మిల్లీమీటరున్నర ఉంటుందేమో, అందులో ఆ పిల్లకు చోటు చాలదు. పైతోలు వగరు, అదొక కాపలా. పాతరలో రాగి ఏళ్ల తరబడి, దశాబ్దాల దాకా నిలుస్తుందని మైసూరు సీమ గురించి రాసినవాళ్లు మళ్లీ మళ్లీ రాశారు.

వాళ్లలో ముందువాడు ఫ్రాన్సిస్ బుకానన్. 1799లో శ్రీరంగపట్నం పడింది. మరుసటి ఏడాదే గవర్నర్ జనరల్ వెల్లస్లీ ఈ వైద్యుణ్ణి మైసూరు సీమ చూసి రమ్మని పంపాడు. అతను కోలారు, శిడ్లఘట్ట, చిక్కబళ్లాపురం మీదుగా మధుగిరి వైపు వెళ్లాడు, అంటే మా చుట్టుపక్కలే తిరిగాడు. ఏ నేలలో ఏమి పండుతుంది, ఎంత విత్తుతారు, ఎలా దాస్తారు అని ఊరూరా అడిగి రాసుకున్నాడు. 1807లో లండన్‌లో మూడు సంపుటాలుగా అచ్చయిన ఆ పుస్తకంలో రాగినీ, దాన్ని గుంతల్లో దాచే పద్ధతినీ శ్రద్ధగా నమోదు చేశాడు. కొత్త ఏలికకు ఈ సీమ ఆదాయం లెక్క తేల్చాలన్నది అతని పని. ఆ లెక్కలోకి మా పాతరలు ఎక్కడం నాకు ఒకవైపు సంతోషం, ఇంకోవైపు దిగులు.

ఇది మా ఒక్కరి తెలివీ కాదు. ఇటలీలో చెరిన్యోలా ఊళ్లో ధాన్యం గుంతల మైదానం ఇప్పటికీ ఉంది, ఒక్కో గుంతకూ ఒక్కో రాతి గుర్తు. మాల్టాలో నైట్స్ ఏలిన కాలం నాటి గుంతల మీద గుండ్రని రాతి మూతలు వరసగా కనబడతాయి. ఇంగ్లండులో డేన్‌బరీ కొండకోట మీద బారీ కన్లిఫ్ 1969 నుంచి ఇరవై ఏళ్లపాటు జరిపిన తవ్వకాల్లో ఇనుపయుగపు గుంతలు వేల సంఖ్యలో బయటపడ్డాయి. తడి దేశంలో అవి ఎలా పనిచేశాయో చూడాలని పీటర్ రేనాల్డ్స్ అనే ఆయన బట్సర్ పొలంలో 1970ల్లో తానే గుంతలు తవ్వి, ధాన్యం పోసి, మట్టితో మూసి పరీక్షించాడు. గోడను ఆనుకున్న గింజలు మొలకెత్తబోయి లోపలి ప్రాణవాయువును తినేశాయి, దాంతో మిగతా రాశి నిలిచింది, తీసి విత్తితే మొలిచింది కూడా. అది చదివినప్పుడు మా పాతర అంచున కొంచెం రంగు మారిన గింజలను అవ్వ వేరుగా తీసి ఎద్దుల ఉలవల్లో కలపడం గుర్తొచ్చింది.

ఇక్కడిదాకా చెప్పింది తెలివి గురించి. ఆ తెలివి ఎవరి చేతిలో ఉండేదో కూడా చెప్పాలి, లేకపోతే చరిత్ర సగమే అవుతుంది.

పాతర అందరికీ లేదు. ఏడాది తిండికే చాలని ఇంట్లో కుండల దొంతరా ఒక గుమ్మీ ఉంటే గొప్ప. రెండు మూడు పంటలు ఆపుకోగల ఇల్లే పాతర తవ్వించేది. వాన తప్పిన ఏడు ఆ ఇంటి బండ లేస్తుంది. రాగులు నాగుకు ఇస్తారు, పంట వచ్చాక అసలుకు పైన పావో సగమో కలిపి కొలిచి తీసుకుంటారు. ఒక కరువుకు తెచ్చుకున్నవాడు రెండో కరువుకు పొలం రాసిస్తాడు. తడిని ఆపగలవాడు కాలాన్ని ఆపగలిగాడు, కాలాన్ని ఆపగలవాడి చేతికి ఊరి మెడ చిక్కింది. మా తాతలు అటువైపు వాళ్లే కాబట్టి ఈ మాట నేనే చెప్పాలి.

పాతరలోకి దిగేది కూడా ఆ ఇంటివాళ్లు కాదు. జీతగాడో, మాలమాదిగ వాడల నుంచి పిలిపించిన పిల్లవాడో. బండ తీసిన వెంటనే దిగితే మనిషి మిగలడు. ప్రాణవాయువు లేదు, బొగ్గుపులుసు వాయువు గాలికంటే బరువు కాబట్టి అడుగున నిలిచి ఉంటుంది. అందుకే మూతి తెరిచి పూటో రోజో వదిలేసేవారు, దుప్పటితో గాలి విసిరేవారు, తాడుకు దీపం కట్టి దింపేవారు. దీపం ఆరితే ఆగాలి. దీపం నిలిస్తే నడుముకు తాడు కట్టి మనిషిని దింపాలి. ఆ తొందరలో, ఆ నిర్లక్ష్యంలో ప్రాణాలు పోయిన కథలు మా తాలూకాలో పెద్దవాళ్లందరికీ తెలుసు. బెంగళూరులో మురుగు గుంతల్లోకి దిగి చనిపోయేవాళ్ల వార్త చదివినప్పుడల్లా నాకు ఆ తాడే గుర్తొస్తుంది. నా పనిలో సంప్‌లోకి ఎవరు దిగినా ముందు గాలి పరీక్ష చేయిస్తాను, పైన మనిషిని నిలబెడతాను, ఇందులో ఎంత పెద్ద గుత్తేదారు తొందరపెట్టినా వినను.

1876లో ధాత కరువు వచ్చింది. అంతకు ముందు ఏడూ పంట అంతంతమాత్రమే. 1876లో వాన ముఖం చాటేసింది, మరుసటి ఏడూ తేరుకోనివ్వలేదు. మైసూరు సీమ జనం 1871 లెక్కల్లో 50 లక్షల పైచిలుకు, 1881 లెక్కల్లో 42 లక్షలలోపు. అప్పటికి కోలారు జిల్లాలోనే ఉన్న మా తాలూకాలు దెబ్బ గట్టిగా తిన్నవాటిలో ఉన్నాయి. పాతరలు కాపాడలేదా అని అడిగితే, కొన్ని ఇళ్లను కాపాడాయి. వరసగా దెబ్బ మీద దెబ్బ పడితే పాతర అడుగు కనబడుతుంది. అడుగు కనబడని పాతర ఉన్నవాడు బండ మీద మంచం వేసుకుని పడుకున్నాడు. ఎంత గొప్ప నిల్వ పద్ధతి ఉన్నా పంచే పద్ధతి లేకపోతే ఏమవుతుందో ఆ మూడేళ్లు చూపించాయి. కరువు పాఠం అంటే నాకు అదే, వాన పాఠం కాదు.

ఆ తర్వాత 1890ల్లో బెంగళూరు నుంచి గౌరిబిదనూరు మీదుగా హిందూపురం దాకా రైలు వచ్చింది. ధాన్యం రైలుబండిలో వచ్చే కాలం వచ్చాక ధర కోసం మూడేళ్లు ఆగడంలో లాభం తగ్గింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ వసూలుకు వచ్చినవాళ్లు బండల మీద గడ్డపారతో కొట్టి, గుల్ల మోత వస్తుందేమో విని చూసేవారని మా తాత చెప్పేవాడు. 1965లో భారత ఆహార సంస్థ వచ్చింది, రేషన్ అంగళ్లు వచ్చాయి, గోనెసంచులూ పురుగుమందు బిళ్లలూ వచ్చాయి. రాగి పొలాల్లోకి వేరుశనగ, మల్బరీ, ఆ తర్వాత మొక్కజొన్న దిగాయి. మొక్కజొన్న పాతరకు పోదు, లారీకి పోతుంది.

ఇవన్నీ పెద్ద కారణాలు. మా ఊళ్లో పాతరలను చంపిన కారణం ఇంకోటి ఉంది, అది ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు. అదే కొళాయి.

ఆడవాళ్లు బావినుంచి బిందెలతో మోసుకొచ్చినన్నాళ్లూ ఇంటికి వచ్చే నీళ్లు తక్కువ, పారబోసేవీ తక్కువే. బచ్చలింటి నీళ్లు పెరట్లో అరటిచెట్టుకే సరిపోయేవి. వీధి కొళాయిలు, ఆ తర్వాత ఇంటి కొళాయిలు వచ్చాక ఆ నీళ్లన్నీ వీధిలోకి పారాయి. కాలువలు కట్టింది చాలా తర్వాత, అవీ సందులు లేకుండా కట్టలేదు. ఏడాదికి నాలుగు నెలలు మాత్రమే తడిసి, మిగతా ఎనిమిది నెలలు ఎండే ఎర్రమన్ను పన్నెండు నెలలూ తడిగా ఉండటం మొదలైంది. గరుసులోకి కొంచెం కొంచెంగా దిగిన ఆ తడి పాతర గోడకు చేరింది. గడ్డి వెంటి కుళ్లింది, రాగులు గడ్డకట్టాయి. మా ఇంటి పాతరలో చివరిసారి తీసిన రాగులకు పులిసిన వాసన. ఎద్దులు కూడా ముట్టలేదు. నాయన దాన్ని మట్టితో పూడ్పించి, పైన సిమెంటు వేయించాడు. వందల అడుగుల లోతుకు బోర్లు దించినా నీళ్లు పడని తాలూకాలో, పదడుగుల లోపల తడికి పాతరలు చచ్చాయి.

బెంగళూరు సెల్లార్లలో నేను చూసేదీ అదే జబ్బు. 2022 సెప్టెంబరు వానలకు మునిగిన సెల్లార్ల గురించి టీవీల్లో అందరూ చూశారు. వానలేని మార్చి నెలలో కూడా తడిసే సెల్లార్లు అంతకంటే ఎక్కువ. కారణం వెతికితే పక్క స్థలంలో కారే మురుగు గొట్టమో, పగిలిన సంపో, రోజూ తడిపే లాన్ గడ్డో బయటపడుతుంది. అది సరిచేయకుండా డీహ్యుమిడిఫయర్ పెట్టమంటారు. పెడితే పగలూ రాత్రీ నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, గోడ అలాగే ఉంటుంది. ముందు నీటి దారి మళ్లించాలి, తర్వాత తలుపు సందులు మూయాలి, ఆ తర్వాతే మిషను. మెరక, మూత, గడ్డి అన్న వరస కూడా ఇదే. చాలామంది ఇంజనీర్లకు మూడోది మొదట గుర్తొస్తుంది.

ఇప్పుడు గాలి చొరని ప్లాస్టిక్ సంచుల్లో విత్తనాలు దాచడం నేర్పుతున్నారు. కామెరూన్‌లో అలసందల కోసం 1980ల చివర్లో మొదలైన ఆ సంచులను ఇవాళ ఆఫ్రికాలో చాలా దేశాల్లో వాడుతున్నారు. వాటిలో పనిచేసే సూత్రం పాతరదే: ఎండిన గింజ, మూసిన మూతి, అయిపోయిన ప్రాణవాయువు. యాభై కిలోల సంచీ చిన్న రైతు కూడా కొనుక్కోగలడు, దానికోసం ఎవరూ నడుముకు తాడు కట్టుకుని దిగనక్కరలేదు. పాతర కంటే ఇది మేలని నేను నమ్ముతాను.

అయినా పాతరల లెక్క రాసి పెట్టాలి. మా తాలూకాలో సిమెంటు రోడ్డు వేసిన ప్రతి వీధి కిందా ఒకటో రెండో ఉంటాయి. కొత్త కాలువకో తీగకో తవ్వేటప్పుడు పొక్లెయిన్ కింద మూతి తెరుచుకుంటే ఆ సాయంత్రానికే పూడ్చేస్తున్నారు. పూడ్చే ముందు మూతి వెడల్పు, మెడ పొడవు, లోతు, గోడ మట్టి, గడ్డి ఆనవాలు, ఊరి వాలులో దాని చోటు రాసుకుంటే చాలు. ఒక్క పూట పని. మొన్న శ్రావణంలో మా వీధిలో అలా ఒకటి తెరుచుకుంటే నేనే టేపు పట్టుకుని కొలిచాను. చిన్నప్పుడు అందులోకి దిగిన పెద్దాయన పక్కన నిలబడి చూశాడు. దీపం దించితే ఎంతసేపు ఆగి చూసేవారు, తాడు ఎన్నిసార్లు లాగితే పైకి తియ్యమని అర్థం, గంపలు ఎవరు అందుకునేవారు అన్నీ చెప్పాడు. దిగినందుకు కూలి ఏమిచ్చేవారని అడిగాను. "అడుగున మిగిలింది ఊడ్చుకోమనేవాళ్లప్పా, మట్టితో కలిసి ఉండేది, మా అమ్మ చెరిగి చెరిగి తీసేది" అన్నాడు. ఆ మాటను కొలతల పక్కనే రాసుకున్నాను.